నాంపల్లికి వెళ్లిన తెడ్డు

మెదక్‌లో పొద్దున ఐదున్నర బస్సెక్కాను. పడవ తెడ్లలో ఒకదాన్ని బస్సు టాపు మీద కట్టించి, ఇనుప పంగలు రెండూ గుడ్డసంచిలో ఒళ్లో పెట్టుకున్నాను. పడవ అంచుకు బిగించే ఈ పంగల్లోనే తెడ్డు ఆని తిరుగుతుంది.

నేను మిషన్ దవాఖానలో నర్సును. వారానికి రెండుసార్లు నేనే పడవ నడుపుకుని మంజీరా దాటి, అవతలి ఊళ్లలో గర్భిణులను చూసి వస్తాను. ఏడాదిగా తెడ్డు వేస్తే చాలు, కుడి భుజం నిప్పులా మండుతోంది. "పడవ మానేయి, లేకపోతే చెయ్యే పోతుంది" అన్నారు డాక్టరమ్మ. నేను మానేస్తే అవతలికి వెళ్లేవాళ్లు లేరు. అందుకే లోపం తెడ్డులోనో పంగల్లోనో ఉందేమో చూపిద్దామని బయల్దేరాను.

బస్సులో పక్కనున్న బట్టల వ్యాపారి ఉండబట్టలేక అడిగాడు. "ఏంది సిస్టరమ్మా, పట్నంల పడవ నడుపుతరా?"

"లేదయ్యా, తెడ్డునే దవాఖానకు తీసుకుపోతున్నా" అన్నాను. బస్సంతా నవ్వింది.

తొమ్మిదిన్నరకు గౌలిగూడలో దిగాను. ఎనిమిదడుగుల తెడ్డును చూసి ఇద్దరు రిక్షావాళ్లు తల తిప్పుకున్నారు. మూడో అతను అరవై నయా పైసలకు ఒప్పుకున్నాడు. తెడ్డును నిలబెట్టి పట్టుకుని, ఆబిడ్స్ జనమంతా చూస్తుండగా నాంపల్లి చేరాను.

స్టేషన్ పక్క సందులో నర్సింగ్ మేస్త్రీ లేతు మిషన్ మీద ఇనుప సామాన్లు బాగు చేస్తాడు. పడవ ఎక్కి ఎరగనని ముందే చెప్పేశాడు. నా ముఖం వాడిపోవడం చూసి, "ఫికర్ చెయ్యకున్రి. పడవల కూసున్నట్టు గీ స్టూలు మీద కూసోన్రి, జర గుంజున్రి" అన్నాడు.

పంగను బల్లకు బిగించి తెడ్డు పెట్టాడు. నేను గుంజుతుంటే పంగను కాక నా చేతులనే చూశాడు.

"తెడ్డు పైకి లేపాలంటే మీరు చెయ్యి దించాలె. దించితే మోకాలు అడ్డమొస్తుంది. గందుకే భుజం పక్కకు గుంజుతున్రు. పంగ కింద ఎత్తు చాలలేదమ్మా."

పంగ కింద రెండంగుళాల చెక్క దిమ్మ పెట్టి మళ్లీ గుంజమన్నాడు. చేతులు మోకాళ్ల మీదుగా తేలిగ్గా వచ్చాయి. ఏడాది నొప్పికి కారణం అంత చిన్నదా అని నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

పంగల కింద అరిగిన కడ్డీలకు ఇత్తడి తొడుగు వేయడానికి రెండు గంటలు పడుతుందన్నాడు. ఆబిడ్స్‌కు నడిచి ఇడ్లీ తిని, కాఫీ తాగి వచ్చేసరికి తెడ్డు పంగలో రాసుకునే చోట తోలు పట్టీ కూడా చుట్టి ఉంది. ఇంటి దగ్గరున్న రెండో తెడ్డుకూ ఒక పట్టీ, పంగల కిందికి రెండు చెక్క దిమ్మలూ ఇచ్చి, "వారానికోసారి ఆముదం రాయున్రి" అన్నాడు.

రెండున్నర బస్సుకు తిరుగు ప్రయాణమై చీకటి పడేలోగా ఇల్లు చేరాను. మర్నాడు పొద్దున్నే దిమ్మలు బిగించి పడవ తోశాను. ఇదివరకు మూడుసార్లు ఆగి భుజం నిమురుకుంటూ దాటే మంజీరాను ఆగకుండా దాటేశాను. అవతలి గట్టు చేరేసరికి, ఎప్పుడూ నాకంటే ముందే వచ్చి ఎదురుచూసే నిండు చూలాలు ఒకామె ఇంకా దారిలోనే ఉంది. నన్ను చూసి నడక పెంచింది.

"మెల్లగా రామ్మా, నేను ఉంటా" అని కేకేశాను.