మా పోచయ్య దొర కాదు

మా చిన్నప్పుడు... గల్ఫ్‌లో, అల్ ఖోర్ ఊళ్లో మా క్వార్టర్ హాల్లో చార్టు పరుచుకుని ఏనుగు బొమ్మకు రంగులు వేస్తున్నాను. అప్పుడు నాలుగో తరగతి. మా వంశంలో అందరికంటే పాతవాళ్ల గురించి మర్నాడు బడిలో చెప్పాలి. పక్క బెంచీ అమ్మాయి వాళ్ల ముత్తాతకు కోట ఉండేదట... మరి నేను తగ్గుతానా? మా ఊరికి మొదట వచ్చిన పోచయ్య తాతను ఏకంగా దొరను చేసేశాను. పక్కనే ఏనుగు!

బాపమ్మ, అంటే మా బాపు వాళ్లమ్మ, విజిట్ వీసా మీద వచ్చి మూడు నెలలు మాతో ఉంది. మా ఊళ్లో వాళ్లకు గల్ఫ్ అంతా దుబాయే కాబట్టి, ఆమె దుబాయ్ పోయినట్టే. బియ్యం ఏరుతూ బొమ్మ చూసింది.

"ఎవ్వలే వీడు?"

"మన పోచయ్య తాత. పెద్ద దొర!"

పళ్లెం పక్కన పెట్టేసింది. "దొరనా? దొర కింద వెట్టి చెయ్యలేక, పెండ్లాం పిల్లలను దోల్కొని అడివికి పోయిండే ఆయన! ఆయన్నే దొరను జేస్తవా?"

అంత కోపం ఆమెలో ఎన్నడూ చూడలేదు...

నూరేళ్లకు పైబడిన ఆ మాట బాపమ్మ అప్పుడే చెప్పింది. పోచయ్య, ఆయన భార్య లచ్చవ్వ పొదలు కొట్టి గుడిసె వేసుకున్నారు. బావి తవ్వితే రెండు నిలువుల లోతున బండ పడింది. బండ మీద కట్టెలు పేర్చి మంట పెట్టేవారట... బాగా కాలాక చన్నీళ్లు గుమ్మరిస్తే పగిలేది. ఆ నీళ్లు కోసెడు, అంటే రెండు మైళ్ల దూరంలోని వాగు నుంచి లచ్చవ్వ మోసింది. బావి తవ్వడానికి నీళ్లు మోసిన మనిషండీ! ఆ బావి చుట్టూనే మా పల్లె పుట్టింది.

"ఇది చెప్తే అందరూ నవ్వుతరు బాపమ్మా..." అని ఏడ్చాను.

"నవ్వనియ్. ఉన్నదే జెప్పు. అబద్ధం జెప్పినవంటే నాతోని మాట్లాడకు."

చార్టు తిప్పి వెనక వైపు బావి బొమ్మ వేశాను.

మర్నాడు క్లాసులో బావి బొమ్మ చూపించి మొదలుపెట్టాను. వెట్టి, గుడిసె అనగానే వెనక బెంచీల్లో నవ్వులు. మా కేరళ టీచరమ్మ మాత్రం, "నీళ్లు మోసినావిడ పేరేంటి?" అని అడిగింది. "లచ్చవ్వ!" అని పక్క క్లాసుకు వినపడేలా అరిచాను. ఆవిడ రెండు పేర్లూ బోర్డు మీద రాసింది. కోట అమ్మాయికి వాళ్ల ముత్తాత పేరే తెలియదు, పాపం.

ఇంటికొచ్చి చెప్తే బాపమ్మ, "లచ్చవ్వ పేరు గూడ రాసిందా?" అని రెండుసార్లు అడిగింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడు నేనుండేది అదే దేశంలో, అబూ హమూర్‌లో. ఊళ్లో బోర్లు వచ్చాక ఆ బావిని పూడ్చేశారు. బాపమ్మా లేదు... అయినా మీరెవరని ఎవరడిగినా, వెట్టి చెయ్యనని లేచి వచ్చినవాళ్ల పిల్లలమని తలెత్తుకుని చెప్తాను.

మీ ఇంట్లో మీకు పేరు తెలిసిన అందరికంటే పాత మనిషి ఎవరు? ఇక్కడ రాయండి... ముత్తాతతో పాటు ఆయన భార్య పేరు కూడా. ముందుగా మరచిపోయేది ఆమె పేరే కదా.