అమ్మ చదివిన చూడని పాఠం

ఒంగోలులో మేము అద్దెకుంటున్న ఇంటి వెనక సందులో ఒక అంగన్‌వాడీ ఉంది. పొద్దెక్కేసరికి అక్కడ పిండి వేయించడం మొదలవుతుంది. గోధుమపిండి ఎర్రబడుతున్నప్పటి కమ్మదనమూ, దాని వెనకే కరుగుతున్న బెల్లం వాసనా గోడ దాటి మా వంటింట్లోకి వస్తాయి. ఆ వాసనకు ఎవరికైనా ఆకలి వేస్తుంది. నాకు మాత్రం ఇంగ్లీషు గుర్తొస్తుంది. మూకుడులో గరిట తిప్పుతూ, పొగకు కళ్ళు చికిలించి, "గో, వెంట్, గాన్... కమ్, కేమ్, కమ్" అని తనలో తను చెప్పుకునే మా అమ్మ గుర్తొస్తుంది.

మాది తర్లుపాడు దగ్గర చిన్న పల్లె. చర్చి వీధిలో ఏ ఇంటి ప్రహరీ చూసినా పలకల గనుల దగ్గర పనికిరావని పారేసిన నల్లరాతి చెక్కలతో పేర్చి కట్టిందే. ఎండాకాలం ఆ గోడలు పగలంతా వేడి తాగి, దీపాలు పెట్టే వేళకు మా వీపుల మీదకు వదిలేవి. చలికాలంలో వాటి సందుల్లో తొండలు దూరేవి. మేము అందులోంచి నున్నటి ముక్కలు లాగి తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం. కంది కోతల రోజుల్లో ఏ ఇంటి ముందు చూసినా ఉడకబెట్టిన పచ్చి కందికాయల తొక్కలే. క్రిస్మస్ దగ్గరపడితే వెదురుబద్దల నక్షత్రాలకు రంగు కాగితాలు అతికించే మైదా ఉడుకు వాసన, అరిసెల పాకం వాసన, రోట్లో తడిబియ్యం దంచే మా జేజి గాజుల చప్పుడు. నాయనమ్మను మేము జేజి అనేవాళ్ళం. నాయన పలకల గనిలో కూలి. సాయంత్రం ఇంటికి వస్తే కనురెప్పల మీద కూడా బూడిదరంగు దుమ్ము ఉండేది.

అమ్మ పేరు సువార్త. ఊళ్ళో అంగన్‌వాడీలో ఆయా. పిల్లలను ఇళ్ళ నుంచి పిలుచుకురావడం, ముక్కులు తుడవడం, ఉప్మా వండడం, పిండి వేయించి ఉండలు చుట్టడం ఆమె పని. పెళ్ళికి ముందు పదో తరగతి రాసి, అన్నీ గట్టెక్కి, ఒక్క ఇంగ్లీషులో తప్పింది. ఆ వేసవిలోనే పెళ్ళి చేశారు. ఇంగ్లీషు అక్కడే ఆగిపోయింది.

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు అంగన్‌వాడీ టీచరు ఇంకొంత కాలానికి దిగిపోతుందని తెలిసింది. పది పాసైతే ఆయాకు ఆ పని ఇచ్చే వీలుందని ఆ టీచరే అమ్మకు చెప్పింది. ఆ సాయంత్రం అమ్మ పొయ్యి ముందు కూర్చుని, ఎవరినీ చూడకుండా, "నేను ఇంగిలీసు పరీక్షకు కడతా" అంది.

జేజి చేటలోంచి తలెత్తింది. "పిల్లను చదివించే వయసులో నువ్వు చదువుతావా? నలుగురూ నవ్వరటే?"

"నవ్వనీలే అత్తా" అంది అమ్మ. మర్నాడు నాయన గని దగ్గర పలకల పెట్టెల్లో వచ్చే ఇంగ్లీషు అచ్చుకాగితాలు మడిచి జేబులో పెట్టుకుని తెచ్చాడు. ఆ తర్వాత ఏ రోజూ ఖాళీ జేబుతో రాలేదు.

అప్పటి నుంచి మా ఇంట్లో అక్షరం ఉన్న వస్తువు ఏదీ ఊరికే ఉండలేదు. యూరియా బస్తా, సబ్బు కాగితం, దగ్గు మందు సీసా, మార్కాపురం రోడ్డు మీద లారీ వెనక రాత, అన్నిటినీ అమ్మ ఆగి చదివేది. నీళ్ళ ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టి, ఆ ట్యాంకరు మీది మాటలు కూడబలుక్కునేది. బలపంతో ప్రహరీ రాళ్ళ మీద రాయికొక మాట రాసేది. నీళ్ళు కాగే రాయి 'బాయిల్', పిల్లి కూర్చునే రాయి 'క్యాట్', జేజి ఆనుకునే రాయి 'ఓల్డ్'. జేజికి చెప్పలేదు. మా ఊరికి వాన ఎప్పుడో గానీ రాదు. వచ్చినప్పుడు గోడంతా కడుక్కుపోయి అమ్మ మాటలు తెల్లటి నీళ్ళయి కాలవలోకి పోయేవి. ఆగగానే తడి రాళ్ళ మీద కొత్త మాటలు రాసేది.

వ్యాకరణం చెప్పింది పాస్టరమ్మ. మా చర్చి పాస్టరుగారి భార్య. ఆదివారం ఆరాధన అయ్యాక చాపలు చుట్టేలోపు అమ్మను కూర్చోబెట్టుకునేది. అమ్మకు అన్నిటికంటే కష్టమైంది 'ద' అనే చిన్న మాట. "మన తెలుగులో లేనే లేదు గదా అమ్మగారూ, దాన్ని ఎక్కడ పెట్టాల్నో ఎట్ల తెలుస్తాది?" అని వాపోయింది.

పాస్టరమ్మ నవ్వింది. "కొత్తగా వచ్చిందనుకో, 'ఎ' అను. ముందే మాట్లాడుకున్నదే మళ్ళా వచ్చిందా, అప్పుడు 'ద' అను."

మర్నాడు అంగన్‌వాడీలోకి ఎప్పట్లాగే ఎవరిదో మేక తల పెట్టింది. అమ్మ గరిట ఎత్తి పిల్లలకు చూపించింది. "ఎ గోట్!" అంది. తరిమేసింది. కాసేపటికి అది మళ్ళీ వచ్చింది. "ఇప్పుడేందిరా?" అంది. పిల్లలు నోరెళ్ళబెట్టి చూశారు. "ద గోట్! ఆ మేకే గదా!" అని అమ్మ చప్పట్లు కొట్టింది. వారం తిరిగేసరికి చొక్కా బొత్తాలు పెట్టుకోవడం రాని పసిపిల్లలు, మేక మొదటిసారి వస్తే 'ఎ' అనీ రెండోసారి వస్తే 'ద' అనీ అరిచేవాళ్ళు. బడి లేని రోజు నేను గుమ్మంలో కూర్చుని అది చూసి, ఇంత పెద్ద సంగతి ఇంత చిన్న మేకలో పట్టిందా అని ఆశ్చర్యపోయేదాన్ని.

మార్చిలో పరీక్ష రాసింది. మే నెలలో ఫలితాలొచ్చాయి. తప్పింది. మార్కాపురం నుంచి ఆటోలో వచ్చి, చెప్పులు విప్పి, నేరుగా వెళ్ళి బిందె ఎత్తుకుని నీళ్ళకు పోయింది. ఆ రోజు గోడ మీద ఏమీ రాయలేదు. రాసిన మాటలు ఎండలో అలాగే ఉన్నాయి. నాకు వాటిని చూడబుద్ధి కాలేదు.

నలుగురూ నవ్వుతారన్న జేజే మాట్లాడింది. "జూన్‌లో మళ్ళా ఉందంట గదా. కట్టు. పొయ్యి నేను చూసుకుంటా."

"నా వల్ల గాదత్తా. చదివిన పాఠమైతే రాస్తా. ఎన్నడూ చూడనిది ఇచ్చి చదవమంటారు. అక్కడే పోయింది."

"ఐతే చూడనివే చదువు. పైకి చదువు. నేనింటా."

ఆ వేసవి నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. పొద్దు వాలాక వాకిట్లో నీళ్ళు చల్లితే లేచే మట్టి వేడి, కుండలో మజ్జిగ, మామిడి ముక్కల మీద ఉప్పూకారం, గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్న జేజి, ఎదురుగా పాస్టరమ్మ ఇచ్చిన పాత పుస్తకాలు చదివే అమ్మ. జేజికి తెలుగు అక్షరాలే రావు. అయినా వినేది. మెల్లగా పక్కింటి వాళ్ళు కూడా పీటలు తెచ్చుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. ఏమీ అర్థం కాని వాళ్ళు అర్థమైనట్టే తలలూపేవాళ్ళు. అమ్మ ఒక పుట చదివి తెలుగులో ఆ కథ చెప్పేదాకా కదిలేవాళ్ళు కాదు. ఒకనాడు నిన్నటి పుటనే మళ్ళీ చదువుతుంటే జేజి కళ్ళు తెరవకుండానే, "ఆగు. అక్కడ ఇంకో మాట ఉన్నింది నిన్న" అంది. అమ్మ వేలు పెట్టి వెనక్కి చూసుకుంది. నిజంగానే ఒక మాట దాటిపోయింది. అమ్మ లేచి జేజి కాళ్ళు పట్టుకుంది. "ఏందే, ఏందే" అని జేజి కాళ్ళు వెనక్కి తీసుకుంది.

జూన్ పరీక్షకు నాయన గని మానుకుని మమ్మల్ని తీసుకుపోయాడు. మార్కాపురంలో ఒక బడి. బయట వేపచెట్టు కింద మేమిద్దరం నిలబడ్డాం. అంతా పరీక్ష తప్పిన పిల్లలే, వాళ్ళ మధ్య అమ్మ ఒక్కతే చీర కట్టుకున్నది. గంట కొట్టాక నాయన నన్ను భుజాలకెత్తుకున్నాడు. కిటికీలోంచి అమ్మ వీపు కనిపించింది. అమ్మను ఎప్పుడూ పొయ్యి ముందో, చేలోనో, నేల మీదో చూశాను గానీ బెంచీ మీద కూర్చోగా చూడలేదు. కాసేపు చెయ్యి కదల్లేదు. నాయన భుజాలు నా కింద బిగుసుకున్నాయి. తర్వాత ఆమె తల కొంచెం వంగింది, మోచెయ్యి కదిలింది, ఇక ఆగలేదు. నాకెందుకో చర్చిలో అందరూ లేచి నిలబడినప్పుడు కలిగే భయం లాంటిది కలిగింది. గట్టిగా ఊపిరి తీస్తే ఆ చెయ్యి ఆగిపోతుందేమోనని నోరు మూసుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి జేజి గుమ్మంలోనే ఉంది. "చూడనిది ఏమిచ్చినారు?"

అమ్మ అక్కడే కూలబడి చెప్పింది. సముద్రం ఒడ్డున ఒక దీపం గోపురం. దాన్ని కాచే ముసలాయన. ఒక గాలివాన నాడు దీపం ఆరిపోతే, దూరంగా ఒక పడవ వస్తూ ఉంది. మా వీధిలో అప్పటికి సముద్రం చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. అమ్మా చూడలేదు. ఎవరూ ఆమెకు చెప్పని కథ, ఏ పుస్తకంలోనూ ముందు చదవని కథ, ఉట్టి అక్షరాల్లోంచి, అదీ మనది కాని భాషలోంచి, ఒంటరిగా తవ్వి తెచ్చుకుని మా వాకిట్లో పెట్టింది. నేను అమ్మ నోటి వంక చూస్తూ ఉండిపోయాను.

"మరి పడవ?" అంది జేజి.

"అంతవరకే ఇచ్చినారత్తా. కింద ప్రశ్నలుండాయి."

"సగం కథ చెప్పి ప్రశ్నలడుగుతారటే! ఏం మనుషులే వాళ్ళు!" అని జేజి కోపంగా లోపలికి పోయింది.

అమ్మ పాసైంది. కానీ అప్పటికే మా ఊరి అంగన్‌వాడీకి పక్క ఊరి ఆమెను వేశారు. అమ్మ ఏడవలేదు. ఆయాగానే పిండి వేయించింది. ఆ కొత్త టీచరుతో తగాదా పడలేదు. రెండేళ్ళకు అవతలి పల్లెలో ఖాళీ వస్తే అమ్మకు ఇచ్చారు. చేల గట్ల మీద నడిచి వెళ్ళేది. ఇప్పటికీ అక్కడే టీచరు. అమ్మ టీచరయ్యాకే జేజి కన్నుమూసింది.

మొన్న వేసవిలో ఊరికి వెళ్ళాను. పలకల రాళ్ళ ప్రహరీలు తీసేసి చాలామంది సిమెంటు గోడలు కట్టుకున్నారు. కందులు వేసేవాళ్ళు తగ్గారు. పొద్దు వాలాక చర్చి వీధి వెంట నడిచాను. ఒక్కో గడప మీద ఒక్కో పిల్ల చెవుల్లో వైర్లు పెట్టుకుని ఫోనులో ఇంగ్లీషు నేర్చుకుంటూ ఉంది. ఇంగ్లీషులో అడిగితే బెదురు లేకుండా జవాబు చెప్పారు, అమ్మ కంటే నాకంటే బాగా చెప్పారు. సంతోషించాను. వీధి ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చేదాకా ఒక్క మాటా పైకి వినపడలేదు. ఎవరి వాకిట్లోనూ పీటలు వేసి లేవు. ఇప్పుడా వీధిలో ఇంగ్లీషు వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. రానివాళ్ళు చుట్టూ కూర్చుని వినడం మాత్రం లేదు.