చెయ్యి పెట్టని ఏడాది

ఆ వీధిలో ఆయన్ని సహజం గారు అంటారు. తన ద్రాక్షతోట పండుతో తనే చేసే వైన్ గురించి ఎవరు ఏమడిగినా "అంతా సహజం, నేనేమీ చెయ్యను" అనడం ఆయన అలవాటు. తోట వరకు అది నిజమే. మందు కొట్టడు, రసాయన ఎరువు వెయ్యడు. కలుపు మెయ్యడానికి గొర్రెలున్నాయి, గొంగళిపురుగుల్ని చేత్తో ఏరుతాడు. "మీ తోటలో పురుగులకి పింఛను కూడా ఇస్తున్నారటగా" అని పక్క తోట రైతు గేటు దగ్గర ఆగి మరీ పలకరించేవాడు. ఇన్నిటికీ తట్టుకుని నిలబడ్డ ద్రాక్ష, సిరా అనే నల్ల వైన్ రకం, గుత్తి చిన్నదే అయినా, వంక పెట్టడానికి లేకుండా ఉండేది.

చిక్కంతా పండు షెడ్డులోకి వచ్చాకే. నలిపిన ద్రాక్షని తొట్టెలో పోస్తే అది తనంతట తనే పులుస్తుంది. తొక్కలు పైకి తేలి అట్ట కడతాయి. ఆ అట్టని అప్పుడప్పుడు కర్రతో లోపలికి అదమాలి. అదిమినకొద్దీ తొక్కల్లోంచి రంగు దిగుతుంది, దాంతోపాటు వగరూ దిగుతుంది. ఏమీ చెయ్యని ఈ పెద్దమనిషి ఆ కర్ర పట్టుకుంటే వదిలేవాడు కాదు. కాఫీ తాగి ఒకసారి, పేపరు చదివి ఒకసారి, ఎవరైనా ఫోన్ చేస్తే మాట్లాడుతూ ఒకసారి. పాప నిద్రపోయిందో లేదో తట్టి లేపి చూసే రకం. దాంతో వైన్ పచ్చికాయ కొరికినట్టుండేది. సీసా మీద "పదేళ్లు దాచి తాగండి" అని అచ్చు వేయించాడు.

"పదేళ్లకి మెత్తబడేది వైనా, మా పళ్లా బావా?" అని లారీ నడిపే బావమరిది అడిగేవాడు.

ఆ సరుకుని ఏటా మొహమాటానికి కొంటున్నది ఒక్క హోటలాయనే. ఆయనా కిందటేడు తేల్చేశాడు. "సారూ, నేను మీ తోట చూసి కొంటున్నాను, సీసా చూసి కాదు. ఈసారీ ఇలాగే ఉంటే నన్ను వదిలెయ్యండి." హోటలాయన మానేస్తే తోటని పక్క రైతుకి కౌలుకి ఇవ్వాల్సిందే. పక్క రైతు చేసే మొదటి పని మందు కొట్టడమే.

సరిగ్గా ఆ ఏడాదే, కోత మొదలైన రోజున, ద్రాక్ష బుట్ట ఎత్తబోయి సహజం గారు నడుం పట్టుకుని కూలబడ్డాడు. తాను చెప్పేదాకా మంచం దిగొద్దన్నాడు డాక్టరు. మేడ మీద కిటికీ పక్కన మంచం వేశారు. అక్కణ్ణుంచి షెడ్డు తలుపు కనిపిస్తుంది, తొట్టె కనిపించదు. కర్ర భార్య చేతికి వచ్చింది. ఆవిడ బడిలో లెక్కల టీచరు.

"తొట్టె చూశావా?" కిటికీలోంచి కేక.

"చూశానండీ."

"గట్టిగా అదిమావా?"

"ఆ."

అదమలేదు. సాయంత్రం బడి నుంచి వచ్చాక ఒక్కసారి వెళ్లి, తొక్కలు తడిసేంత వరకు నొక్కి, చేతులు కడుక్కుని పరీక్ష పేపర్లు దిద్దుకునేది.

"బావకి తెలిస్తే నిన్ను తొట్టెలో వేస్తాడే అక్కా."

"క్లాసు కూడా అంతేరా. మాటిమాటికీ తొంగి చూస్తేనే అల్లరి. వదిలేస్తే వాళ్లే సర్దుకుంటారు."

వైన్ పీపాల్లోకి చేరింది, చలికాలం గడిచింది. సహజం గారు నడుముకి పట్టీ బిగించుకుని నడవడం మొదలుపెట్టాక హోటలాయన వచ్చాడు. పీపాలోంచి గ్లాసులోకి తీయించుకుని, ఒక గుక్క తాగి, గ్లాసుని వెలుతురుకి ఎత్తి చూశాడు. సహజం గారు పదేళ్ల ప్రసంగానికి గొంతు సవరించుకున్నాడు.

"సారూ, ఇది మీదేనా?"

"అదేం మాటండీ?"

"మొత్తం నాకే కావాలి. ఒక్క పీపా కూడా బయటికి పోనివ్వకండి. ఈసారి ఏం మార్చారు?"

భార్య గ్లాసులు కడుగుతోంది. బావమరిది షెడ్డు కప్పుకేసి చూస్తున్నాడు. ఏదో ఒకటి చేశానని చెప్పుకోవాలని సహజం గారికి జీవితంలో మొదటిసారి అనిపించింది. ఎంత వెతికినా ఏమీ దొరకలేదు.

"ఏమీ చెయ్యలేదండీ" అన్నాడు, నీరసంగా.

"ఆ ముక్క ఏటా చెప్పేదేగా. అసలు సంగతి చెప్పండి."

"ఈసారి నిజంగానే చెయ్యలేదండీ" అంది భార్య, గ్లాసు తుడుస్తూ. "నేను సాక్షిని."

బావమరిదికి పొలమారింది. హోటలాయన మాత్రం తల పంకించి, తన మెనూలో "తయారుచేసినవారు చెయ్యి పెట్టని వైన్" అని వేయించాడు. సహజం గారు ఆ మెనూకి పటం కట్టించి షెడ్డులో తగిలించాడు. వచ్చినవాళ్లకి చెయ్యి పెట్టకపోవడంలోని కష్టం గురించి కూర్చోబెట్టి చెబుతున్నాడు. పక్క రైతు కౌలు మాట ఎత్తడం మానేశాడు.

మళ్లీ కోతలొచ్చాయి. తొట్టె నిండిన మర్నాడు పొద్దున్నే సహజం గారు షెడ్డులోకి వెళితే కర్ర లేదు. మేడ మీదికి వస్తే కిటికీ పక్కన కుర్చీ, దాని మీద దిండు, పక్కన ఆనాటి పేపరు.

"నా నడుం బాగానే ఉందిగా?"

"ఉండనివ్వండి. కూర్చోండి."

కూర్చున్నాడు. పేపరు మొదటి పేజీ దాటకుండానే కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"తొట్టె చూశావా?"

"చూశానండీ" అంది ఆవిడ, బడి సంచీ భుజాన వేసుకుని గేటు దాటుతూ.