పందెం దారిలో నైలాన్ వల

అరవైల మొదట్లో మత్స్యశాఖ నన్ను ఇన్‌స్పెక్టరుగా సూళ్లూరుపేటకు వేసింది. చేరిన మరుసటి ఏడు మాఘమాసంలో నెల్లూరు నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. పులికాట్ సరస్సు మీద వివిధ దేశాల తెరచాప పడవల పోటీ జరగబోతోంది, కనుక ఆ వారమంతా నేనూ, శాఖవారి మోటారు లాంచీ కూడా, నిర్వాహక సంఘం చెప్పినట్టు పనిచేయాలి అని దాని సారాంశం. నాకు అప్పగించినవి రెండు పనులు. పందెం దారిలో వలలు లేకుండా చూడడం ఒకటి, పడవ బోల్తాపడితే మనుషులను పైకి లాగడం రెండోది.

పోటీలో మూడు తరగతులుండేవి: ఒక్కరు నడిపేవి, ఇద్దరు నడిపేవి, ముగ్గురు నడిపేవి. ఒక్కో తరగతికి ఒక్కో జెండా. నిర్వాహకుల పడవ కొయ్య మీద జెండా ఎగిరితే ఆ తరగతివాళ్లు బయలుదేరే గీత వెనక తిరుగుతూ కాచుకోవాలి. తుపాకీ పేలి జెండా దిగగానే గీత దాటాలి. నీళ్లలో లంగరు వేసిన పీపాలే మలుపులు. తుపాకీ పేలకముందే గీత దాటినవాళ్లు వెనక్కి వచ్చి మళ్లీ బయలుదేరాలి. ఒడ్డున నిలబడి చూసేవారికి తెల్లటి చాపల గుంపు తప్ప మరేమీ తెలిసేది కాదు.

సరస్సు చాలాచోట్ల మొలలోతు దాటదు. ఈ పడవలకు అడుగున నీళ్లలోకి దింపే పలక ఒకటుంటుంది. అది నేలకు తగలకుండా సాగాలంటే లోతైన పాయలోనే పోవాలి. రొయ్య నడిచేదీ ఆ పాయలోనే. పైగా అది రొయ్యలు దండిగా పడే వారం. అందుకని ముందే పల్లెల్లో తిరిగి పెద్దలతో మాట్లాడి ఒక ఏర్పాటు చేశాను. పొద్దున పూట నీళ్లు బెస్తలవి. వలలెత్తాక, మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలైతే పందేలవి. వాళ్లు గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు. మొదటి రోజుల్లో అందరూ మాట మీద నిలబడ్డారు.

ఆ వారం నాకు ఒడ్డుమీద కాలు నిలిచింది లేదు. మంచినీళ్ల పీపాల లారీ రాలేదని పిలుపు, అతిథుల డేరాల పక్కన చేపలు ఎండబెట్టారని పిలుపు, పల్లెలో రేవుదాకా పోయే దారి ఎవరు మూసినారని తగవు. అక్కడి మాట ఇక్కడా, ఇక్కడి మాట అక్కడా మోసి గొంతు పోయింది. ఎవరితో మాట్లాడినా అవతలివాళ్ల మనిషినే అయ్యేవాణ్ణి.

చివరి రోజుకు ముందటి మధ్యాహ్నం గాలి పూర్తిగా పడిపోయింది. ఇద్దరి తరగతి పందెం ఆగిపోయింది. దాన్ని మర్నాడు పొద్దున్నే పెట్టాలని సాయంత్రం విందులో నిర్ణయించారట. నాకు కబురు పెట్టాలని ఎవరికీ తోచలేదు. తెల్లవారాక ఆ కబురుతో జీపు వచ్చింది. అప్పటికే వలలు నీళ్లలో ఉన్నాయి.

పోటీ కార్యదర్శి ఒక రిటైరైన మేజరు. వలలెత్తడానికి వ్యవధి కావాలని చెప్పాను. వలల సంగతి నాదనీ, పందెం సంగతి తనదనీ ఆయన తేల్చేశారు. లాంచీ డ్రైవరు మస్తాన్, నేనూ ఒక్కో వల దగ్గరికీ పోయి బతిమాలడం మొదలుపెట్టాం.

ఆ పాయలో చివరి వల చెంగమ్మది. భర్త మంచాన పడ్డాక మరిదిని తోడు పెట్టుకుని తానే పడవెక్కుతున్న మనిషి. శాఖ పంచిన నైలాన్ దారంతో ఆ పల్లెలో మొదట వల అల్లింది ఆవిడే. నూలు వల నీళ్లకు కుళ్లుతుంది, చినుగుతుంది. ఇది చినగదు అని ఒప్పించింది నేనే. వానకాలమంతా కూర్చుని అల్లుకుంది.

"పొద్దున మాదని నువ్వే గదా సార్ చెప్పినావు? ఇప్పుడొచ్చి ఎత్తమంటే యాడ ఎత్తేది? సగం వల ఇంకా నీళ్లల్లోనే ఉండాది" అంది.

ఆ మాట పూర్తికాకముందే తుపాకీ పేలింది.

ఉత్తరపు గాలి విసురుగా ఉంది. సింహళం నుంచి వచ్చిన అన్నదమ్ముల పడవ అందరికన్నా ముందు వస్తోంది. చేతులూపాం, అరిచాం. పడవ పలక వలకు తగులుకుంది. నూలు వలైతే తెగి ఉండేది. ఇది తెగలేదు. పడవ ఉన్నచోటే ఆగి పక్కకు ఒరిగి బోల్తాపడింది. అన్న పడవ అంచు పట్టుకుని తేలాడు. తమ్ముడు తేలలేదు.

మస్తాన్ లాంచీని అటు తిప్పబోయి ఆపేశాడు. "పోతే మన లాంచీ పంకాకు కూడా వల చుట్టుకుంటాది సార్. ఆ పిల్లోడి కాలు అందులోనే ఉందేమో" అన్నాడు. ఆ మాట నిజమే. కాపాడే పడవలో నిలబడి, ఏమీ చేయలేక చూస్తున్నాను. నీటి కింద చాప తెల్లగా కదులుతోంది.

చెంగమ్మ మరిది గడ వేసి తమ పడవను బోల్తాపడిన పడవకు ఆనించాడు. ఆవిడ కత్తి పట్టుకుని నీళ్లలోకి దిగింది. ఒకసారి పైకి వచ్చి ఊపిరి తీసుకుని మళ్లీ మునిగింది. వలను పొడవునా కోసుకుంటూ పోయి ఆ కుర్రవాణ్ణి జుట్టు పట్టి పైకి తెచ్చింది. మరిది పడవలోకి లాగి బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కాడు. కొంతసేపటికి కుర్రవాడు నీళ్లు కక్కాడు.

మధ్యాహ్నం డేరాలో విచారణ జరిగింది. పోటీలో ఎవరికైనా అభ్యంతరముంటే రాసిస్తారు. న్యాయనిర్ణేతలు సాక్షులను పిలిచి వింటారు. అభ్యంతరం రాసిచ్చింది రెండో స్థానంలో వస్తున్న పడవవాళ్లు. దారిలో అడ్డంకి ఉంది కనుక పందెం చెల్లదని వాళ్ల వాదన. మేజరుకు మాత్రం విదేశీయుల ముందు తప్పు సంఘానిది కాకూడదు. వలలు తీయాలని ముందురోజు సాయంత్రమే పల్లెకు చెప్పామనీ, చెంగమ్మ కావాలనే వల వేసిందనీ నేను సంతకం చేసి, ఆవిడ మీద కేసు పెట్టాలన్నారు.

మా అసిస్టెంట్ డైరెక్టరు గారు నన్ను డేరా వెనక్కి తీసుకుపోయారు. "ఎందుకయ్యా పంతం? ఆమెకు పడే శిక్ష ఏముంటుంది, మందలించి వదిలేస్తారు. నీ ఉద్యోగం చూసుకో" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు, నాలాగే అలసిపోయినవాడు. నేను చేయలేనన్నాను.

లోపలికి వెళ్లి, వేళ మారిన సంగతి నాకే తెల్లవారాక తెలిసిందని చెప్పాను. నా తర్వాత సింహళపు అన్న లేచాడు. అడ్డంకి గురించి అడిగితే, ఆ వల లేకపోతే తామే గెలిచేవాళ్లమనీ, ఆవిడ దాన్ని కోయకపోతే తన తమ్ముడు ఉండేవాడు కాదనీ, ఈ రెంటిలో దేనిమీద కేసు పెడతారో తనకు అర్థం కాలేదనీ అన్నాడు. పందెం రద్దయింది. కేసు పెట్టలేదు.

సాయంత్రం పల్లెకు వెళ్లాను. చెంగమ్మ కోసిన వలను ఇసుకలో పరుచుకుని, పనికొచ్చే ముక్కలు ఏరుతోంది.

"చినగదని చెప్పినావు సార్, నిజమే చెప్పినావు. కోసేటప్పుడు కత్తి దిగలేదు. నా చేతులు చూడు" అంది. నిష్ఠూరమాడలేదు. మళ్లీ దారం కావాలా అని అడిగాను. "వద్దులే సార్. మనిషి చిక్కుకున్నా తెగదని మా వోళ్లు భయపడతా ఉండారు" అంది. ఆ పల్లె నూలు వలలకే తిరిగిపోయింది. నేనున్నంతకాలం మరెవరూ నైలాన్ ముట్టుకోలేదు.

పందెం దారిని ఖాళీగా ఉంచలేకపోయినందుకు నాకు సంజాయిషీ మెమో వచ్చింది, వేసవిలో బదిలీ వచ్చింది. మెట్ట ప్రాంతంలో చెరువులకు చేపపిల్లలు సరఫరా చేసే ఆఫీసులో వేశారు. ఆ తర్వాత పులికాట్‌లో ఉద్యోగం చేయలేదు.

మిగిలిన సర్వీసులో ఒక పద్ధతి పాటించాను. ఉత్తర్వు ఎప్పుడు పుట్టిందో చూసి ఎవరినీ తప్పుపట్టలేదు. అది వాళ్ల చెవిన పడిందా లేదా అనే చూశాను. వేళ మార్చే అధికారం ఉన్నవాడికి ఆ మార్పును చివరి మనిషిదాకా చేర్చే బాధ్యత కూడా ఉంటుంది. చేరలేదంటే ఆ ఉత్తర్వు ఇంకా లేనట్టే.