నోట్లో నిప్పు

మొన్న ఒక సభలో ఒక పెద్దమనిషి మాట్లాడుతూ, దివిసీమ కూలి ఆడవాళ్ళు ఒకప్పుడు అజ్ఞానం కొద్దీ చుట్ట కాలే కొసను నోట్లో పెట్టుకుని కాల్చేవారన్నాడు. జనం నవ్వారు. నేను లేచి వచ్చేశాను. ఇంటికొచ్చినా కోపం చల్లారలేదు. బడి గడప తొక్కినవాణ్ణి కాను, పొట్లాం కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చినవాణ్ణి. సభల్లో మాట్లాడటం చేతకాదు గనక ఇలా రాస్తున్నాను.

దాన్ని అడ్డపొగ అనేవాళ్ళం. వరి ఊడ్పుల్లో రెండు చేతులూ బురదలోనే ఉంటాయి. పైన ముసురు. చుట్టను మగవాళ్ళలా పెట్టుకుంటే వానకు ఆరిపోతుంది, మాటిమాటికీ చెయ్యి కడుక్కుని పట్టుకోవాలి. నిప్పు లోపలికి పెట్టి పెదాలు బిగిస్తే ఆ బాధ లేదు. నడుం ఎత్తక్కర్లేదు. అన్నిటికీ మించి ఆకలి తెలియదు. అందుకే గుడివాడ వైపు కామందులు పొద్దున్నే గట్టు మీద నిలబడి చుట్టలు పంచేవారు. అదో ధర్మం అనుకునేవాళ్ళం. గంజి పోస్తే పని ఆగుతుంది, చుట్ట ఇస్తే ఆగదు. ఇందులో అజ్ఞానం ఎవరిదో ఆ పెద్దమనిషే చెప్పాలి.

మా అమ్మ అలాగే పోయింది. అంగిట్లో మచ్చ లేచి, పుండై, చిల్లు పడింది. తాగిన గంజి ముక్కులోంచి వచ్చేది. చేతబడి అన్నారు. ఆమెకు చుట్ట అంటించి ఇచ్చీ ఇచ్చీ మా చెల్లెలికి పరికిణీ కట్టే వయసులోనే అడ్డపొగ అలవాటైంది. అదేమీ వింత కాదు, మా పేటలో ఆడపిల్లలందరూ అలాగే నేర్చుకున్నారు.

అరవయ్యో దశకం మొదట్లో బందరు నుంచి ఒక డాక్టరమ్మ కోడూరు దిగువనున్న మా పేటకు వచ్చింది. ఎండాకాలం, పనుల్లేని రోజులు. అప్పటికి నేను ఊడ్పుల ముఠాకు మేస్త్రిని. చెల్లెలికి ఆ ఏడే పెళ్ళయింది. ప్రార్థన పాకలో వయసు పిల్లల్ని కూర్చోబెట్టి, డాక్టరమ్మ టార్చిలైటు తీసి నోళ్ళు తెరవమంది. ఒక్కరూ తెరవలేదు.

"నోరు చూసి బేరమాడ్డానికి మేమేమన్నా ఎడ్లమా, డాక్టరమ్మగారూ?" అంది మా చెల్లెలు. పాకంతా ఘొల్లుమంది.

డాక్టరమ్మా నవ్వింది. "ఎడ్లనైతే కొనేముందు ఎవరో ఒకరు చూస్తారమ్మా. మీ నోళ్ళు ఎవరు చూశారు?"

చెల్లెలే ముందుకెళ్ళి నోరు తెరిచింది. డాక్టరమ్మ చూసి నన్ను పిలిచి చూపించింది. అంగిలంతా తెల్లగా పాలిపోయి, మధ్య మధ్య ఎర్రటి చుక్కలు.

"మా అమ్మకీ ముందు ఇట్టాగే వచ్చిందండి," అన్నాను.

"ఇది ఇంకా పుండు కాదు. ఇప్పుడు మానేస్తే తగ్గొచ్చు. మానకపోతే నేనేం చెప్పలేను."

"మానేస్తే ఆకలేస్తదండి," అంది చెల్లెలు. "పొద్దు నడినెత్తికొచ్చేదాకా బురదలో ఒంగుంటాం. గంజి తమరు పంపిస్తారా?"

డాక్టరమ్మ టార్చి ఆర్పి నావైపు తిరిగింది. "మేస్త్రివి నువ్వే కదూ?" అంది.

కాలవ నీళ్ళు ముందు గుడివాడ పొలాలకు వస్తాయి. చివరనున్న మా దివికి అందేసరికి ఆలస్యమవుతుంది. అందుకని తొలకరికి ముఠా ముందు అటే వెళ్ళేది. మొదటి రోజు కామందు చుట్టల కట్టతో గట్టెక్కాడు. నేను ఎదురెళ్ళాను.

"చుట్టలొద్దండి బాబుగారూ. పొద్దెక్కాక ఓ కడవ గంజి పోయించండి చాలు."

"ఏరా, మీ ఆడోళ్ళకి అత్తారింటి మర్యాదలు కావాలా? ఇష్టం లేకపోతే చెప్పు, ఇంకో ముఠాకి కబురెడతా."

నేను నోరెత్తేలోపే పెద్దవాళ్ళు చుట్టలందుకున్నారు. వాళ్ళను తప్పుపట్టను. చెల్లెలు మాత్రం ఉత్త నోటితో మడిలో దిగింది. ఆమెను చూసి కొందరు పిల్లలూ అలాగే దిగారు. పొద్దెక్కేసరికి చెల్లెలు ఆకలికి తాళలేక మోకాళ్ళ మీద బురదలో కూలబడింది. పక్కన నాటుతున్నది వాళ్ళత్త. తన నోట్లోని చుట్ట తీసి ఇవ్వబోయింది.

"ఒక్క దమ్ము లాగవే. కళ్ళు తిరిగి చచ్చేట్టున్నావు."

"వద్దత్తా. మా అమ్మ చచ్చింది చాలు."

అత్త చుట్టను బురదలో పారేసి, నడుం ఎత్తి నిలబడింది.

"బాబుగారూ, పిల్లకి గంజి పోయించండి. అప్పటిదాకా ఈ నడుం వంగదు."

ఒకరి తర్వాత ఒకరు, వరసంతా నడుం ఎత్తింది. పీకిన నారు కట్టలు కట్టలుగా మడి నిండా పడి ఉంది, ఆ పూట నాటకపోతే వాడిపోతుంది. కామందు ఆ కట్టల వంకా ఆడవాళ్ళ వంకా చూసి, ఏదో గొణుక్కుంటూ ఇంటికి మనిషిని పంపాడు. గంజి కడవ వచ్చింది, ఆవకాయతో సహా.

అన్ని పొలాల్లోనూ అలా జరిగిందని అబద్ధం రాయను. తర్వాతి కామందు మమ్మల్ని గట్టెక్కనివ్వలేదు. మానిన పిల్లల్లో కొందరు మళ్ళీ మొదలెట్టారు. చెల్లెలు వేయించిన చింతపిక్కలు కొంగున కట్టుకుని, నాలుక పీకినప్పుడల్లా ఒకటి బుగ్గన పెట్టుకునేది.

కోతల ముందు డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది. చెల్లెలి నోట్లో టార్చి వేసి, "తగ్గుతోందమ్మా," అంది.

"నాది సరేనండి. మా అత్తని చూడండి," అని చెల్లెలు ఆమెను ముందుకు తోసింది. అత్త సిగ్గుపడుతూ నోరు తెరిచింది. డాక్టరమ్మ నన్ను పిలిచి చూపించింది. మచ్చ అప్పటికే పుండైంది.

మరుసటి ఏడు అదే గుడివాడ పొలంలో దిగాం. అడగకుండానే కడవ వచ్చింది. కామందు వరస వంక చూసి, "నిరుడు నన్నెదిరించిన మనిషేదిరా?" అన్నాడు.

చెల్లెలి అత్త మా అమ్మలాగే పోయిందని చెప్పాను. ఆయన తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. చెల్లెలు అత్త నాటే చోట నిలబడి, నారుకట్ట విప్పింది.