నూరీ మరిచిపోయిన నడక

2024 జనవరి. నాగర్‌కర్నూల్ బస్టాండుకు దగ్గర్లో, చెప్పుల దుకాణం పైనున్న గది నా ఆఫీసు. ఉద్యోగుల ఇన్‌కమ్ టాక్స్ లెక్కలు చూడటం నా పని. నా దగ్గరకొచ్చే వాళ్లలో ఎక్కువమంది టీచర్లే. ఫిబ్రవరి జీతంలో పన్ను కోత ఎంతో జనవరిలో తేలాలి కాబట్టి, అందరికీ ఒక్కసారే నేను గుర్తొస్తాను.

నాకో అలవాటుంది. అంకెల మధ్యలో తలెత్తి కిటికీలోంచి చూస్తూ ఉండిపోతాను. పొద్దుటి మంచులో మొహాలు తెలియవు, నడకలే తెలుస్తాయి. ఎవరొస్తున్నారో నడకను బట్టి పోల్చుకుంటాను. ‘మేడం కండ్లు తెరిచే నిద్రపోతది’ అని వెనకాల నవ్వుకునే వాళ్లున్నారని తెలుసు. నవ్వుకోనీ అనుకుంటాను.

ఆ రోజు వచ్చింది జహంగీర్ సార్. కొల్లాపూర్ దగ్గర సర్కారు బడిలో టీచరు. ఆయన ఇల్లు మామిడితోటల పక్కనే, పూతకాలంలో ఆయన స్వెటర్ కూడా పూత వాసన వేస్తుంది. ఎడమ భుజం వంచి, ఒక పక్కకు ఒరిగి నడుస్తాడు. ఆయన కాలికేమీ కాలేదు. కూతురు నూరీకి పుట్టుకతోనే ఎడమ పాదం లోపలికి తిరిగి ఉండేది. నడక నేర్చినప్పటి నుంచీ ఆమె చెయ్యి పట్టుకుని, ఆమె అడుగుకు తన అడుగు కలుపుతూ నడిచీ నడిచీ ఆయనకు ఆ వంపు వచ్చింది. ఏటా జనవరిలో వాళ్లిద్దరూ ఈ వీధిలో అలా ఊగుతూ రావడం కిటికీలోంచి చూసేదాన్ని.

నూరీ పేరు మీద ఆయనకో డిడక్షన్ ఉండేది. ఎయిటీ డీడీ అంటాం. ఇంట్లో తన మీద ఆధారపడిన వికలాంగులుంటే, వారి పోషణ, వైద్యం కోసం ఆదాయంలో డెబ్బై ఐదు వేలను పన్ను లెక్కలోంచి తీసేస్తారు. పాత పన్ను విధానంలో ఉన్న వాళ్లకే ఇది. వైకల్యం నలభై శాతానికి తగ్గకూడదు. దానికి సదరం క్యాంపులో డాక్టర్లిచ్చిన సర్టిఫికెట్ కావాలి.

ఇలాంటివి కుటుంబాలకు శాశ్వతం అనుకుంటారు చాలామంది. చదువు అప్పు వడ్డీకి మినహాయింపు ఎనిమిదేళ్లే. మొదటి ఇంటి అప్పుకిచ్చిన అదనపు మినహాయింపు 2022 మార్చి లోపు మంజూరైన అప్పులకే. నూరీకి చికిత్స ఇంకా సాగుతుండగా ఇచ్చిన సర్టిఫికెట్ కాబట్టి, దాని మీద ఐదేళ్ల గడువు వేశారు. అది నిరుడు మార్చిలోనే తీరిపోయింది.

“సార్, గడువు తీరిన ఏడాది వరకు నడిచింది. ఇప్పుడు కొత్త కాగితం ఉంటేనే రాస్త,” అన్నాను.

“పాప అదే గద మేడం?”

“పాప అదే. పాదం మారింది గద! ఆపరేషన్ అయినంక మంచిగ నడుస్తున్నదని మీరే చెప్తిరి.”

ఆ డిడక్షన్ పోతే పదిహేను వేల దాకా పన్ను పెరుగుతుంది. పాదం పెరిగే కొద్దీ నూరీకి ప్రత్యేకంగా కుట్టించే బూట్లు మారాలి, హైదరాబాద్ తీసుకెళ్లి చూపిస్తూ ఉండాలి. పైన ఇంటి అప్పు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

“క్యాంపుకు స్లాట్ దొరికింది,” అన్నాడు మెల్లగా. “మా స్టాఫ్‌ల ఒకాయన అంటున్నడు... ఆ ఒక్కదినం పాపను జర పాత తీరుగ నడవమనుండ్రి, ఎవలకెరుక అని.”

“మీరేమన్నరు?”

“ఏమనలే. ఇంటికి పోతే పాప వాకిట్ల ఉరుకుతున్నది. ఇరవై ఆరో తారీఖు బడిల ఉరుకుడు పందానికి పేరిచ్చిందట.”

నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఆయన మీద కాదు, ఆ సలహా ఇచ్చినాయన మీద. “డాక్టర్లు ఉన్నదున్నట్టు చూసి నలభై అంటే సంతోషంగ రాస్త సార్. కుంటించి తెస్తే మాత్రం నేను రాయ,” అన్నాను. ఆయన తలూపి వెళ్లిపోయాడు.

క్యాంపు రోజు పొద్దున్నే ముగ్గురూ వచ్చారు. దవాఖానలో పిలుపుకు ఇంకా టైముందని, కాస్త కూర్చుంటామన్నారు. ఆయన భార్య షాహీన్ నా ముందు కూర్చుని, “కోపం చేయకు అక్కా. బూట్లకు యాడికెళ్లి తేవాలె చెప్పు?” అంది. ఆమె కూతురి వైపు తిరిగి, “బేటా, చిన్నప్పుడెట్ల నడిచేదానివో ఒక్కసారి నడువు,” అంది.

పదేళ్ల నూరీ లేచింది. మోకాలు వంచి, నడుం మీద చెయ్యి పెట్టుకుని ముసలవ్వలా నడిచింది.

“గట్ల కాదు!” అంది షాహీన్.

ఈసారి తొక్కుడుబిళ్ల ఆటలోలా ఒంటికాలి మీద గెంతింది. అదీ కాదన్నారు.

“మరెట్ల నడిచేదాన్ని అబ్బూ? నాకు యాదికి లేదు.”

జహంగీర్ సార్ లేచాడు. ఏమనుకున్నాడో, చెప్పులు విడిచి బీరువా నుంచి కిటికీ దాకా నడిచాడు. ఎడమ పాదం లోపలికి తిప్పి, అంచు మీద ఆనించి, భుజం వంచి, ప్రతి అడుగుకూ చిన్నగా ఊగుతూ. ఏళ్ల తరబడి మంచులో నేను చూసిన నూరీ నడక, ఉన్నదున్నట్టు, ఆ పెద్దమనిషి ఒంట్లోంచి వచ్చింది. గదిలో నేను, వీధి, చేతిలో పెన్ను, అన్నీ ఎక్కడికో తేలిపోయినట్టయింది.

నూరీ పరుగున వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుంది. “అబ్బూ, గట్ల నడవకు. నొప్పైతలేదా?”

ఆయన అక్కడే ఆగిపోయాడు. షాహీన్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఐతుండె బేటా,” అన్నాడు. “ఇగ లేదు. పా, దవాఖానకు పోదం. నీ తీరుగ నువ్వు నడువు.”

డాక్టర్లు నలభై కన్నా తక్కువ వేశారు. ఆయన స్టేట్‌మెంట్‌లో ఎయిటీ డీడీ ఎదురుగా సున్నా రాశాను. ప్రభుత్వం ఇచ్చే ప్రతి మినహాయింపుకూ గడువెందుకని నా దగ్గరకొచ్చే వాళ్ల తరఫున విసుక్కునేదాన్ని. పోతే పండగ చేసుకోవలసిన మినహాయింపు కూడా ఒకటుంటుందని ఆ సున్నా రాస్తున్నప్పుడు తెలిసింది. బూట్ల ఖర్చు మాత్రం అలాగే ఉంది. ఆ సంగతి ఏ సెక్షనూ పట్టించుకోదు.

ఫిబ్రవరి మొదట్లో ఒక పొద్దున మంచులో ఇద్దరు వీధి దాటుతున్నారు. ఒకరు పెద్ద, ఒకరు చిన్న. చెయ్యీ చెయ్యీ పట్టుకోలేదు, నిటారుగా నడుస్తున్నారు. ఎవరో కొత్తవాళ్లనుకుని కాగితాల్లో తల దూర్చాను.

మామిడిపూత వాసన వచ్చి తలెత్తాను. గుమ్మంలో జహంగీర్ సార్, చేతిలో మిఠాయి డబ్బా. పక్కన నూరీ.

“పన్ను పెరిగినందుకా సార్ మిఠాయి?” అన్నాను.

“పాప ఉరికింది మేడం,” అన్నాడు. “అందరికన్నా ఎన్క వచ్చింది.”