ఈస్టర్ పొద్దున కపిల బావి దగ్గర

నిన్న వానకు తడిసిన తోలు సంచి వాసన తగలగానే మా కపిల బావి కళ్ళ ముందుకొచ్చింది. మన ఈడు వాళ్ళకు గుర్తుందా, ఎద్దులు మోకు లాగితే బావిలోంచి నీళ్ళు తోడే ఆ పెద్ద తోలు బాన?

పందొమ్మిదివందల యాభైల్లో, కర్నూలు పక్క పల్లెలో, మా నాయన ఒక రెడ్డిగారి తోటలో జీతగాడు. మంచి శుక్రవారం కూడా సెలవు దొరకలేదు. "ఈస్టర్ పొద్దునన్నా ఇడిసిపెట్టు సామీ" అని నాయన అడిగితే, "వంగతోట ఎండిపోతాండాది. దానికి మీ పండగ తెలుస్తాదా?" అన్నాడాయన.

ఆ తెల్లవారుజామున నాయన కపిల తోలుతుంటే నేను కాలవ గట్టున కూర్చున్నాను. మా పేట వాళ్ళు లాంతర్లు పట్టుకుని, పాడుకుంటూ ఈస్టర్ వేకువ ప్రార్థనకు సమాధుల దగ్గరికి పోతున్నారు. పాట దగ్గరయ్యేకొద్దీ నాయన తల దించుకుని ఎద్దుల్ని ఇంకా గట్టిగా అదిలిస్తున్నాడు.

తెల్లచీర కట్టుకున్న అమ్మ ఆ గుంపులోంచి వచ్చి పగ్గాలు అందుకుంది.

"నువ్వు పో. నేను తోల్తా."

"రెడ్డి చూస్తే?"

"చూడనీ. నీళ్ళు పారతాండాయి కదా."

నాయన తడి పంచెతోనే పరుగెత్తాడు.

ఆ తోటలో ఉన్నన్ని ఏళ్ళూ అంతే. ప్రతి ఈస్టర్‌కూ ఇద్దరిలో ఒకరు బావి దగ్గరే ఉండిపోయేవారు. నా చిన్నతనమంతా అమ్మా నాయనా ఈస్టర్ పాట కలిసి పాడగా నేను వినలేదు.